మచ్చలకు పెట్టిన సంతకం

కర్దనూర్ ఊళ్లో ఓదెలు కూతురు ప్రియాంకకు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడే ముంజేతుల మీద, పిక్కల మీద వెంట్రుకలు దట్టంగా మొలిచాయి. క్లాసులో మగపిల్లలకు కూడా అన్ని లేవు. వెనక బెంచీ వాళ్లు ఆమెకో పేరు పెట్టారు. ఆ పేరేమిటో ఆమె ఈ రోజుకీ ఇంట్లో చెప్పలేదు. అప్పటినుంచి మండు వేసవిలో కూడా పూర్తి చేతుల చొక్కాలే తొడిగేది. తల్లి సోమమ్మ "గింత ఉడుకపోత్తుంటే గదేందే" అంటే, "దుమ్ము వడ్తదమ్మా" అని తప్పించుకునేది.

ఇంటర్ పూర్తయ్యాక రెండేళ్లు ఇంట్లోనే ఉంది. ఓదెలు కూలికి పోయే చేలన్నీ ఒక్కొక్కటే ప్లాట్లయిపోయాయి. అప్పుడు వాళ్ల వాడకట్టు ముత్యమ్మే గడ్డపోతారంలో తాను పనిచేసే మందుల కంపెనీలో మాట్లాడి, ప్రియాంకను ప్యాకింగు సెక్షన్‌లో పెట్టించింది. మొదటి రోజు కంపెనీ బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోయింది కూడా ఆమే. ప్రియాంక ఆమెను చిన్నమ్మా అని పిలిచేది.

ప్యాకింగులో తల నుంచి కాలి దాకా తెల్ల సూటు వేసుకోవాలి. కళ్లు తప్ప ఏమీ కనపడవు. ప్రియాంకకు ఆ సూటంటే ఇష్టం. కానీ సూటు వేసుకునే ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి, అదీ పదిమంది ఆడవాళ్లున్న గదిలో. ఆమె ఏదో ఒక సాకుతో అందరికంటే వెనక పోయేది. అలా ఆరేళ్లు గడిచాయి.

ఒకనాడు ఒడిశా నుంచి కొత్తగా వచ్చిన పిల్ల ఒకతి కుళాయి దగ్గర ఆమె చేతులు చూసి, వచ్చీరాని తెలుగులో అమాయకంగా అడిగింది: "దీదీ, ఇక్కడ మందు పొడి పడి ఇలా వచ్చిందా? నాకు కూడా వస్తదా?"

గదిలో నలుగురు పకపకా నవ్వారు. ఆ పిల్ల ఎగతాళికి అడగలేదు, నిజంగానే భయపడి అడిగింది. అదే ప్రియాంకను ఎక్కువ గుచ్చింది. ఆ వారం సెలవు రోజున ఆమె పటాన్‌చెరు బస్టాండు వెనక వీధిలో, ఒక మేడ మీదున్న కమలాకుమారి దగ్గరకు పోయింది.

కమలాకుమారి తండ్రి భీమవరం దగ్గరి పల్లె నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడినవాడు. ఆమె మొదట మామూలు పార్లర్ నడిపింది. తర్వాత వెంట్రుకలను కరెంటుతో తీసే పని నేర్చుకుని వచ్చింది. సన్నని సూదిని వెంట్రుక కుదురులోకి దించి, ఒక్క క్షణం కరెంటు వదిలి, కుదురు కాలిపోయాక పట్టకారుతో వెంట్రుకను లాగేస్తుంది. ఒక్కో వెంట్రుకకూ ఒక్కోసారి చేయాలి.

"ఇది వాక్సింగ్ లాంటిది కాదమ్మా, నెలలు పడుతుంది" అని ముందే చెప్పింది. "ఒంటి మీద చర్మం ముఖం కంటే నిదానంగా మానుతుంది. మనలాంటి చామనఛాయ వాళ్లకు మచ్చలు పడే అవకాశం ఎక్కువ. ముందు కొంచెం చోట చేసి చూస్తాను. మూడు వారాలు ఆగుదాం. తర్వాత ఎడంగా, ఒక్కోసారి అరగంట మాత్రమే."

ప్రియాంక సరేనంది. మణికట్టు దగ్గర రూపాయి బిళ్లంత చోట చేయించుకుంది. మూడు వారాలకు అక్కడ ఏ మచ్చా లేకుండా నున్నగా అయింది. బస్సులో కూర్చుని ఆ చోటును బొటనవేలితో పదేపదే తడిమి చూసుకునేది. పదమూడేళ్లలో ఆమెకు తన చేయి నచ్చడం అదే మొదలు.

ఇక ఆగలేకపోయింది. వారానికి ఒక్కటే సెలవు, ఇంట్లో ప్రతిసారీ ఏదో చెప్పి రావాలి. "మేడమ్, జెర ఎక్కువ సేపు చేయండ్రి. నేను ఓర్చుకుంట" అని బతిమాలింది. కమలాకుమారి వద్దంది. రెండోసారీ వద్దంది. మూడోసారి మెత్తబడి, ఒకే విడతలో రెండు గంటలు రెండు ముంజేతులూ చేసింది. ఆ పై వారం రెండు పిక్కలూ చేసింది. పక్కపక్క కుదుళ్లలోనే, ఖాళీ వదలకుండా.

"పక్కులు కడతాయి. గోకొద్దు. వాటంతట అవే రాలిపోవాలి. చెమట పట్టనీయకు, ఎండ తగలనీయకు" అని పంపింది.

మర్నాడు ఫస్టు షిఫ్టు. ఎనిమిది గంటలు తెల్ల సూటులో చేతులు చెమటకు నానాయి. మూడో రోజుకు ప్రతి కుదురు మీదా చిన్న పక్కు కట్టి, చీమలు పాకినట్టు దురద మొదలైంది. పగలంతా పళ్లు బిగబట్టి ఓర్చుకునేది. నిద్రలో మాత్రం చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. పొద్దున లేచేసరికి గోళ్ల సందుల్లో పక్కులు ఉండేవి. అవి రాలిన చోటల్లా ఆవగింజంత నల్లచుక్క మిగిలింది. ముంజేతుల మీద చుక్కలు వరసలు తీరాయి. పిక్కల మీదైతే కొన్ని పెసరగింజంత పెద్దవి. ముందు వెంట్రుకలను దాచుకున్న పిల్ల ఇప్పుడు మచ్చలను దాచుకోవలసి వచ్చింది. కమలాకుమారి ఫోను చేస్తే ఎత్తలేదు.

రెండు నెలల తర్వాత కంపెనీలో ఆర్నెల్లకోసారి జరిగే ఆరోగ్య పరీక్ష వచ్చింది. బీపీ పట్టీ కట్టడానికి డాక్టరు చొక్కా చెయ్యి పైకి లాగమన్నాడు. చుక్కలు చూసి ఆగాడు.

"ఎప్పటినుంచి?"

"రెండు నెలలాయె సార్."

"ఏ సెక్షన్?"

"ప్యాకింగు."

ఆయన రెండో చెయ్యి కూడా చూసి కాగితం మీద ఏదో రాశాడు. వెనక వరసలో నలభై మంది నిలబడి ఉన్నారు. ప్రియాంక నోట ఇంకొక్క మాట రాలేదు. కాగితం చేతికి వచ్చాక చదువుకుంది. 'పని వల్ల వచ్చిన చర్మవ్యాధి కావచ్చు, నిపుణులకు చూపించాలి' అని ఉంది.

ఆ సంగతి మధ్యాహ్నానికే క్యాంటీన్ చేరింది. ముత్యమ్మ పళ్లెం పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

ముత్యమ్మ పదకొండేళ్లుగా డ్రమ్ములు కడిగే సెక్షన్‌లో ఉంది. మందు తయారైన డ్రమ్ములను సాల్వెంటుతో తుడిచి, నీళ్లతో కడగడం ఆమె పని. వేళ్ల సందులన్నీ పగిలి ఉండేవి. మోచేతుల దాకా చర్మం మందంగా, నల్లగా, ఎండిన చింతపండు తొక్కులా అయింది. కారం తగిలితే మండుతుందని అన్నం చెంచాతోనే తినేది. రెండుసార్లు సార్లకు చెప్పుకుంది. ఇంట్లో సబ్బు మార్చి చూడమన్నారు.

"నీది కాగితం మీద రాసిండ్రట గదనే" అంది ముత్యమ్మ. ఆమె గొంతులో బాధతో పాటు సంబరం కూడా వినిపించింది. "పదకొండేండ్ల సంది మాది ఒక్క ముక్క రాసినోడు లేడు. ప్యాకింగు పిల్లదనంగనే రాసిండ్రు. ఇగ ఇడువద్దు. మా సెక్షన్ల ఎనిమిది మందికి ఉన్నయి. అందరం కలిసి అర్జీ ఇద్దాం. నీకు మంచిగ రాయొస్తది, నువ్వే రాయి. నీ సంతకమే మొదలు పెట్టు."

ప్రియాంక చెప్పాలనుకుంది. నోటి దాకా వచ్చింది కూడా. పక్క బల్ల దగ్గర, చేతులు కడిగే గదిలో నవ్విన ఆ నలుగురూ కూర్చుని ఉన్నారు. అదీగాక, ముత్యమ్మ చేతులు నిజం కాదా, తన మచ్చల పేరు చెప్పి ఆమెకు మేలు జరిగితే తప్పేమిటి అని కూడా తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ సాయంత్రం తెల్ల కాగితం మీద గుండ్రని అక్షరాలతో రాసింది: 'కంపెనీలో మందు పొడి, సాల్వెంటు తగలడం వల్ల మా చర్మం పాడవుతున్నది.' కింద ఒకటో నంబరు వేసి సంతకం పెట్టింది. తర్వాత ముత్యమ్మ వంకర టింకర అక్షరాలతో తన పేరు రాసింది. మిగతా ఏడుగురూ ఒక్కొక్కరే వచ్చి పెట్టారు. అందులో ఇద్దరు భయపడుతూనే వేలిముద్ర వేశారు.

సేఫ్టీ ఆఫీసరు బాపిరాజు ఆ అర్జీ చూసి కంగారు పడ్డాడు. చెడ్డమనిషి కాదు. పైవాళ్ల మాటకు, కిందివాళ్ల కష్టానికి మధ్య పడి నలిగే మనిషి. ప్యాకింగులో తిరిగేది తయారైన మందు. అదే ఒంటికి పడడం లేదంటే మందు కొనేవాళ్ల ముందు జవాబు చెప్పుకోవాలి. రెండు రోజులు తిరక్కుండా కంపెనీ బండిలో ప్రియాంకను సంగారెడ్డిలో చర్మవ్యాధుల డాక్టరు తేజస్విని దగ్గరకు స్వయంగా తీసుకుపోయాడు.

తేజస్విని భూతద్దం లాంటి దీపం పెట్టి చేతులు చూసింది, పిక్కలు చూసింది. తర్వాత బాపిరాజును బయట కూర్చోమంది. తలుపు మూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా అడిగింది.

"హెయిర్ తీయించుకున్నారా అమ్మా? సూదితో?"

ప్రియాంక తల వంచుకుని ఏడ్చింది. డాక్టరు ఏడవనిచ్చింది. తర్వాత విడమరిచి చెప్పింది. ప్రతి చుక్కా సరిగ్గా కుదురు మీదే ఉందనీ, మందు పడక వచ్చేవి అలా వరసలు కట్టవనీ అంది. "చర్మం కాలి మానేటప్పుడు మన రంగు వాళ్లకు నలుపు ఎక్కువ ఊరుతుంది. ఇది మచ్చ పడిపోవడం కాదు, రంగు మిగలడం. చేతులకు ఆరు నెలలు, ఏడాది పట్టొచ్చు. కాళ్లకు ఇంకా ఎక్కువ. గోకితే మళ్లీ మొదటికొస్తుంది. ఈ క్రీమ్ రాయండి. పగలు బయటికి వెళ్తే ఎండ తగలకుండా ఇది. కొన్ని గుంటలు పడ్డాయి, అవి పూర్తిగా పోతాయని నేను చెప్పలేను."

"కంపెనీ వాళ్లకు చెప్తరా మేడమ్?"

"మీరు ఏం చేయించుకున్నారో వాళ్లకు రాయను. అది మీ సొంత విషయం. కానీ పని వల్ల వచ్చినవి అని మాత్రం రాయలేను."

తిరుగు ప్రయాణంలో బాపిరాజు ఏమన్నారని అడిగాడు. "క్రీము రాసిచ్చిండ్రు సార్" అంది. ముత్యమ్మకు కూడా అదే మాట చెప్పింది. నాలుగు రోజులు అదే మాట మీద నడిచింది.

అయిదో రోజు షిఫ్టు అయిపోయాక తొమ్మిది మందినీ క్యాంటీన్‌లో కూర్చోమన్నారు. బాపిరాజు అర్జీ కాగితాన్నీ డాక్టరు కంపెనీకి పంపిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"స్కిన్ డాక్టరు గారు రాశారమ్మా, ఈ అమ్మాయివి పని వల్ల వచ్చినవి కావని. మొదటి సంతకమే ఇలా ఉంటే మిగతావాటిని నేను పైకి ఎలా పంపను? ఇంట్లో ఏవో సబ్బులూ సర్ఫులూ వాడతారు, తెచ్చి కంపెనీకి అంటగడితే ఎలా?"

ముత్యమ్మ లేచి నిలబడింది. ఆమె ఆఫీసర్ల ముందు నిలబడి మాట్లాడటం ఎవరూ చూడలేదు.

"డాక్టరమ్మ గంటసేపు సూసి ఏం జెప్తది సార్? ఈ పిల్ల మా ఊరి పిల్ల. పుట్టినప్పటి సంది ఎరిగిన. దీని చేతులు మంచిగుండె. ఈడికొచ్చినంకనే గిట్లయినయి. ఇది అబద్ధమాడే పిల్ల గాదు."

అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న ప్రియాంకకు ఆ మాట విన్నాక కూర్చోవడం చేతకాలేదు.

"అబద్ధమే ఆడిన చిన్నమ్మా" అంది.

ఆమె చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి బల్ల మీద పెట్టింది. "ఇవి మందుతోని వచ్చినయి గావు సార్. పటాన్‌చెరుల వెంట్రుకలు తీపిచ్చుకున్న. కరెంటు సూదితోని. గందుకే గిట్లయినయి. సిగ్గయి చెప్పలే." ఊపిరి పీల్చుకుంది. "నా పేరు కొట్టేయండ్రి. వాళ్లయి ఉంచండ్రి. ముత్యమ్మ చేతులు ఒక్కపారి సూడండ్రి సార్. అవి సూదితోని అయినయి గావు."

బాపిరాజు ముత్యమ్మ చేతుల వంక చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు. "ముందే చెప్పి ఉండాల్సిందమ్మా. ఇప్పుడిక ఈ కాగితం చెల్లదు. కావాలంటే కొత్తగా రాసుకు రండి" అని రెండు కాగితాలూ ఫైల్లో పెట్టుకుని లేచాడు.

కొత్తగా రాయడానికి ఎవరూ ముందుకు రాలేదు. వేలిముద్ర వేసిన ఇద్దరూ ఆ సాయంత్రమే తమకూ దీనికీ సంబంధం లేదని చెప్పుకున్నారు. తప్పుడు ఫిర్యాదు చేసిందని ప్రియాంకకు మెమో ఇచ్చారు. చేతులు కడిగే గదిలో ఆమె రాగానే మాటలు ఆగేవి. కొందరు వెనక 'కరెంటు' అని పిలవడం మొదలుపెట్టారు. అవన్నీ ఆమె ఊహించినవే. బస్సులో ముత్యమ్మ ముందు సీట్లోకి మారి, అద్దం వైపు ముఖం తిప్పుకుని కూర్చోవడం మాత్రం తట్టుకోలేకపోయింది.

రెండు వారాలు చూసి, సెలవు రోజు పొద్దున ముత్యమ్మ ఇంటికి పోయింది. ముత్యమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. పొమ్మనలేదు, రమ్మనలేదు. ప్రియాంకే కింద కూర్చుని ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.

ఈనె లాగుతూ ముత్యమ్మ అంది. "వెంట్రుకలుంటే ఏమాయెనే? నాకు చెప్తే నేను నవ్వుతుంటినా?"

"నువ్వు నవ్వకపోతుంటివి చిన్నమ్మా. నాకే శాతగాలే."

"తొమ్మిది మందిమి ఒక్క కాగితం మీద పేర్లు రాసుడు గిదే మొదలు. ఒక్కొక్కరి కాళ్లు పట్టుకుని పెట్టిపిచ్చిన. ఇగ నేను పిలిస్తే ఎవ్వరొస్తరు?"

ప్రియాంక ఒలిచిన కాయలు పక్కన పెట్టి, "నన్ను తిట్టుకో. ఏమన్న అనుకో. కానీ ఓనాడు నాతోని సంగారెడ్డికి రా. ఆ డాక్టరమ్మకు నీ చేతులు సూపెడ్దాం" అంది.

ముత్యమ్మ రానంది. మూడోసారి అడిగినప్పుడు వచ్చింది, నొప్పి పడలేక.

తేజస్విని ఆమె చేతులు చాలాసేపు చూసింది. కంపెనీలో వాడే వాటి పేర్లు ప్రియాంక చెప్తుంటే రాసుకుంది. ఏది పడట్లేదో తేల్చడానికి వాటిని పూసిన చిన్న చిన్న పట్టీలు వీపు మీద వరసగా అంటించి, రెండు రోజులు తడపకుండా ఉంచి రమ్మంది. విప్పి చూస్తే రెండు చోట్ల చర్మం ఎర్రగా ఉబ్బింది. ఒకటి డ్రమ్ములు కడిగే ద్రావకం. రెండోది చేతి తొడుగుల రబ్బరులో కలిపే మందు. అంటే ఇన్నేళ్లుగా కాపాడతాయని వేసుకున్న తొడుగులే సగం పాడుచేశాయి. డాక్టరు ఆ సంగతంతా కాగితం మీద రాసి, ఈమెను ఆ పని నుంచి తప్పించాలని కింద గీత గీసి మరీ ఇచ్చింది.

ఆ కాగితం బాపిరాజు చేతికి ప్రియాంకే ఇచ్చింది. ఆయన చదివి ఫైల్లో పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి ముత్యమ్మను లేబుళ్లు అంటించే గదికి మార్చారు. ఇంకొంత కాలానికి డ్రమ్ముల సెక్షన్ అందరికీ లోపల నూలు తొడుగులు ఇచ్చారు. ఎందుకు ఇచ్చారో ఏ నోటీసులోనూ రాయలేదు.

ఆ మధ్యలోనే ప్రియాంక కమలాకుమారి దగ్గరకు కూడా పోయింది. గొడవ పెట్టుకోవడానికే మెట్లెక్కింది. కమలాకుమారి ఆమె చేతులు పట్టుకుని కిటికీ దగ్గరకు తీసుకుపోయి చూసింది.

"నువ్వు ఫోను ఎత్తనప్పుడే అనుకున్నాను. నువ్వు ఎంత అడిగినా నేను ఆ రోజు ఆపాల్సింది. తెలిసి తెలిసి చేశాను. తప్పు నాదే" అంది.

ఆ మాట తర్వాత గొడవ పడటానికి ఏమీ మిగల్లేదు. మానాక కావాలంటే పది నిమిషాల చొప్పున మళ్లీ మొదలుపెడతానంది కమలాకుమారి. ప్రియాంక ఏ సంగతీ చెప్పకుండా దిగివచ్చింది. అప్పటికే సగం వెంట్రుకలు మళ్లీ మొలిచాయి. చేయించుకోవాలో వద్దో ఆమె ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒడిశా పిల్ల మాత్రం ఒకరోజు ఎవరూ లేకుండా చూసి, పై పెదవి మీద చెయ్యి పెట్టుకుని, ఆ మేడ ఎక్కడుందని గుసగుసగా అడిగింది. ప్రియాంక అడ్రసు చెప్పింది. తన చొక్కా చెయ్యి మడిచి మచ్చలు కూడా చూపించింది. "కొంచెం కొంచెంగ చేపిచ్చుకో. తొందరపడకు" అని చెప్పింది.

ఏడాది దగ్గరపడేసరికి ముంజేతుల మీద చుక్కలు నలుపు నుంచి టీ రంగుకు, టీ రంగు నుంచి చర్మం రంగుకు దిగాయి. దగ్గరగా చూస్తే తప్ప కనపడవు. ఎడమ చేతి మీద అయిదారు గుంటలు మిగిలాయి. పిక్కల మీద ఇంకా నల్లగానే ఉన్నాయి. ముత్యమ్మ వేళ్ల సందుల పగుళ్లు పూడాయి. కానీ ముంజేతుల నలుపు, మందం పోలేదు. పదకొండేళ్లది కదా, పూర్తిగా పోదేమో అంది డాక్టరు.

ముత్యమ్మ మళ్లీ పలకరించడం మొదలుపెట్టింది. బస్సులో పక్కన కూర్చుంటుంది. చిక్కుడుకాయ కూర వండితే గిన్నెలో వేసి సోమమ్మకు పంపిస్తుంది. క్యాంటీన్ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

మొన్న శ్రావణంలో డ్రమ్ముల సెక్షన్ వాళ్లు మళ్లీ ఒక అర్జీ ఇచ్చారు. ఈసారి అయిదుగురే. వాళ్లను కూడగట్టింది ముత్యమ్మే. ఆ సంగతి ప్రియాంకకు రెండు రోజుల తర్వాత, బస్సు దిగబోతుండగా తెలిసింది.

"ఎవలు రాసిండ్రు చిన్నమ్మా?" అని అడిగింది.

"స్టోర్ల పనిచేసే రమ్యశ్రీ రాసింది" అంది ముత్యమ్మ, సంచీ భుజానికి తగిలించుకుంటూ.

"మంచిగ రాసిందా?"

"మంచిగనే రాసింది" అంది. ఊరి స్టేజీ దగ్గర బస్సు ఆగింది. ఇద్దరూ దిగారు.